గిటార్ నచ్చిందా, చెప్పినవాడి మాట నచ్చిందా?

రాత్రి పన్నెండు దాటింది. మా మేనల్లుడి గదిలో లైటు ఇంకా ఆరలేదు. తలుపు తోసి చూస్తే మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్‌ను దిండుకు ఆనించి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. ఫోన్‌లో గడ్డం ఆసామి ఒకడు గిటార్‌ను ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూ, దాని మెడ వెనక బొటనవేలితో రుద్దుతూ గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఇంకా పడుకోలేదేంట్రా?"

"ఐదు నిమిషాలు మామయ్యా. కొనాలో వద్దో ఇప్పుడు చెప్పేస్తాడు."

వాడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. పక్క వీధి పిల్లలకు లెక్కలు చెప్పి, ఏడాదిన్నరలో 22 వేల రూపాయలు కూడబెట్టాడు. అదంతా ఒక ఎలక్ట్రిక్ గిటార్ మీద పెట్టబోతున్నాడు. ఆ గిటార్‌ను వాడింతవరకు ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్ళు చెప్పిన మాటలు మాత్రం పద్నాలుగు వీడియోల్లో విన్నాడు.

"ఈయన కంపెనీల దగ్గర పైసా తీసుకోడు. నచ్చకపోతే మొహమ్మీదే చెప్పేస్తాడు మామయ్యా. నేను ముందు అనుకున్న గిటార్‌నైతే అరగంట సేపు ఉతికి ఆరేశాడు. అందుకే దాన్ని వదిలేశా."

ఆ రాత్రి నేను వాదించలేదు. కానీ ఆ 'అందుకే' నన్ను వదల్లేదు. మొహమాటం లేకుండా మాట్లాడేవాణ్ణి నమ్మడం మనకు అలవాటు. నలుగురూ నసుగుతున్నచోట కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవాడు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అయితే మొహమాటం లేకపోవడం ఒక స్వభావం. నిజం కనుక్కోవడం వేరే పని, దానికి ఓపికా శ్రమా కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

విజయవాడలో వాడు కోరుకున్న మోడల్‌ను చేతికిచ్చి "వాయించి చూసుకో బాబూ" అనే దుకాణం మాకు దొరకలేదు. లండన్‌లో ఉన్న కుర్రాడు వీడియో చూసి, నచ్చితే సాయంత్రం షాపుకెళ్ళి ఆ గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుంటాడు. మన ఊళ్ళలో వీడియోతోనే కథ అయిపోతుంది. చూసి, డబ్బు కట్టి, అట్టపెట్టె కోసం ఎదురుచూడటమే. అందుకే ఈ సమీక్షకుల మాటకు వాళ్ళ దేశాల్లో కన్నా మన దగ్గరే బరువెక్కువ. పాతికేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను. వీళ్ళ వీడియోలు కొన్ని వందల గంటలు చూసి ఉంటాను. చాలా నేర్చుకున్నాను, డబ్బూ పోగొట్టుకున్నాను. ఎవరిని ఎంతవరకు నమ్మాలో వాడికి చెప్పాల్సిన బాధ్యత నాదే అనిపించింది.

పచ్చ పెడల్ కథ

2023 మొదట్లో జరిగిన సంగతి ఇది. డిజిటెక్ కంపెనీది బ్యాడ్ మంకీ అని ఒక పచ్చరంగు పెడల్ ఉండేది. ఓవర్‌డ్రైవ్ రకం. గిటార్‌కీ శబ్దం పెంచే యాంప్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కితే స్వరం అంచులు గరుకెక్కుతాయి, కాస్త మండుతున్నట్టు వినిపిస్తుంది. తయారీ అప్పటికే ఎప్పుడో ఆగిపోయింది. వాడేసినవి 50 డాలర్లకు అటూ ఇటూగా దొరికేవి. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

జాష్ స్కాట్ అని ఒకాయన, అమెరికాలోని క్యాన్సస్ సిటీలో జేహెచ్ఎస్ అనే పెడళ్ళ కంపెనీ నడుపుతాడు. పెడళ్ళ చరిత్ర గురించి ఆయనంత శ్రద్ధగా వీడియోలు చేసేవాళ్ళను నేను చూడలేదు. ఆయన ఈ పచ్చ పెడల్‌ను తెచ్చి ఖరీదైన పెడళ్ళ పక్కన పెట్టాడు. వాటిలో క్లాన్ సెంటార్ కూడా ఉంది. నాబ్‌లు కాస్త అటూ ఇటూ తిప్పితే ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం ఎంత కష్టమో వినిపించాడు.

క్లాన్ సెంటార్ అంటే గిటార్ లోకంలో కోహినూరు లాంటిది. బాస్టన్ ప్రాంతంలో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 చివర్లో అమ్మడం మొదలుపెట్టి, దాదాపు 8,000 పెడళ్ళు చేసి, ఆ తర్వాత దశాబ్దం చివరికి ఆపేశాడు. లోపలి సర్క్యూట్ ఎవరికీ కనపడకుండా ఎపాక్సీ పోసి మూసేవాడు. మూసిపెట్టిన వస్తువు చుట్టూ కథలు పెరగడం సహజం. ఇవాళ ఒక్కొక్కటి వేల డాలర్లు పలుకుతుంది. తర్వాత ఆయనే తెచ్చిన క్లాన్ కేటీఆర్ పెడల్ మీద, చాలామందికి ఒళ్ళుమండేలా సాగుతున్న ఈ అతి ప్రచారం తన వల్ల వచ్చింది కాదని అర్థం వచ్చే మాట అచ్చువేయించాడు. అంటే తయారుచేసినవాడే తన సరుకు మీద మోజు చూసి బెదిరిపోయాడు.

స్కాట్ చెప్పదలుచుకున్నది పేరు చూసి పరుగెత్తొద్దని. జనానికి వినపడింది పచ్చ పెడల్ కొనమని. కొద్దిరోజుల్లోనే వాడేసిన వస్తువులమ్మే సైట్లలో బ్యాడ్ మంకీ ధర వందల డాలర్లకు ఎగబాకింది. వీడియో చేసినవాడు అబద్ధం ఆడలేదు. ఆ పెడల్ ఆయన కంపెనీది కూడా కాదు. అయినా మంచి ఉద్దేశంతో చెప్పిన నిజం చివరికి ఒక పేద కుర్రాడు 50 డాలర్లకు కొనుక్కోగలిగిన పెట్టెను వాడికి అందకుండా చేసింది. సమీక్షకుడి నిజాయితీ గురించి ఆలోచించేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే. వినేవాళ్ళు లక్షల్లో ఉన్నప్పుడు చెప్పినవాడి నిజాయితీ ఒక్కటే చాలదు.

ఎవరి ఉప్పు?

"పైసా తీసుకోడు" అన్నాడు మావాడు. డబ్బు సంగతి అంత తేలిగ్గా తేలేది కాదు.

ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో యాండర్టన్స్ అని 1964 నాటి కుటుంబ దుకాణం ఉంది. దాని యజమాని లీ యాండర్టన్, వీడియోల్లో 'క్యాప్టెన్'గా ప్రపంచమంతా తెలిసిన మొహం. ఆయనతో కలిసి ఏళ్ళ తరబడి గిటార్లు సమీక్షించిన రాబ్ చాప్మన్ 2009లో తన పేరుతోనే చాప్మన్ గిటార్స్ మొదలుపెట్టాడు. దట్ పెడల్ షో అనే యూట్యూబ్ ఛానెల్ చేసే ఇద్దరిలో డాన్ స్టైన్‌హార్ట్ పెడళ్ళ స్విచింగ్ పరికరాలు చేసే గిగ్‌రిగ్ కంపెనీ అధిపతి. రెండో ఆయన మిక్ టేలర్ 'గిటారిస్ట్' పత్రికకు సంపాదకుడిగా చేసినవాడు. యూట్యూబ్‌లో పేరున్న రిక్ బియాటో పేరుతో గిబ్సన్ గిటార్ల కంపెనీ ఒక లెస్ పాల్ మోడల్ విడుదల చేసింది. కాలిఫోర్నియాలో పాత గిటార్ల దుకాణం వీడియోలతో అభిమానం సంపాదించుకున్న మార్క్ అగ్నేసీ ఆ తర్వాత గిబ్సన్‌లో ఉద్యోగంలో చేరాడు. 2019 జూన్‌లో, తమ గిటార్ల ఆకారాలు కాపీ కొట్టేవాళ్ళను హెచ్చరిస్తూ గిబ్సన్ పెట్టిన వీడియోలో మాట్లాడింది ఆయనే. నిన్నటిదాకా తమవాడు అనుకున్న మనిషి కంపెనీ తరఫున హెచ్చరికలు చేయడం అభిమానులు తట్టుకోలేకపోయారు. తిట్లు వెల్లువెత్తాక ఆ వీడియోను తీసేశారు.

వీళ్ళలో ఎవరినీ నేను దొంగ అనడం లేదు. దుకాణదారు దుకాణదారుగానే కనిపిస్తే నాకు అభ్యంతరం లేదు. బంగారం కొట్టు ఆయన నగ గురించి చెప్పేటప్పుడు ఏది వినాలో ఏది వదిలేయాలో మనకు తెలుసు. పైగా వాళ్ళకున్న అనుభవం బయటివాళ్ళకు ఉండదు. స్టైన్‌హార్ట్ పెడళ్ళను ఏ వరసలో కలపాలో చెబుతుంటే నేను నోట్సు రాసుకున్నాను. ఆయన వ్యాపారమే అది కాబట్టి ఆయనకంత తెలుసు.

నాకు గుబులు పుట్టించేవి కళ్ళకు కనపడని బేరాలు. కంపెనీ గిటార్ ఉచితంగా పంపుతుంది. మంచిగా చెప్పమని ఎవరూ అడగరు. కానీ మూడు నెలల్లో కొత్త మోడల్ వస్తోంది. అది విడుదలకు ముందే చేతికందితే విడుదల రోజునే వీడియో పెట్టొచ్చు, జనం వెతికేదీ ఆరోజే. ఆ పెట్టె వచ్చే దారిని ఎవరు తెంపుకుంటారు? అబద్ధం అక్కర్లేదు, రెండు మాటలు మింగేస్తే చాలు. మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ల లోహపు అంచులు వేళ్ళకు గీసుకుంటున్నాయన్నది వదిలేసి రంగు గురించి మాట్లాడొచ్చు. పైగా సమీక్షకు వచ్చే గిటార్‌ను కంపెనీ మనిషి ఒకసారి సరిచూసి, తీగల ఎత్తు సరిచేసి పంపే వీలుంది. మన ఇంటికి వచ్చేది ఓడలో నెలరోజులు తేమలో ఊగి వచ్చిన డబ్బా. పేరు ఒకటే, గిటార్ వేరు.

వీడియో కింద ఉండే లింకు నొక్కి కొంటే సమీక్షకుడికి కమిషన్ వస్తుంది. "ఇప్పుడేం కొనకు, ఉన్నదాని మీద సాధన చెయ్యి" అంటే ఏ లింకూ పైసా ఇవ్వదు. అందుకే ఆ మాట ఎక్కువగా వినపడదు.

మరి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని, అందరినీ తిట్టే మొండివాడి సంగతి? వాడి మీదే నాకు ఎక్కువ ఆలోచన పోయింది. వాడికి డబ్బు చూసేవాళ్ళ సంఖ్య నుంచి వస్తుంది. ఇక్కడొక చిక్కుంది. ఇవాళ తయారయ్యే గిటార్లలో ఎక్కువ భాగం బాగానే ఉంటున్నాయి. ఇండోనేషియాలోని సురబయలో కార్ట్ ఫ్యాక్టరీ తన పేరుతోనే కాక పెద్ద బ్రాండ్లకూ గిటార్లు చేసిపెడుతుంది. కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు మెడనూ ఒంటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతాయి. మా చిన్నప్పుడు చౌక గిటార్ అంటే తీగ నొక్కలేక వేళ్ళు పచ్చిపుండ్లు అయ్యేవి, పన్నెండో ఫ్రెట్ దాటితే శ్రుతి నిలిచేది కాదు. ఆ రోజులు పోయాయి. కాబట్టి నిజాయితీగా సమీక్షించేవాడు పదిలో ఎనిమిదిసార్లు "ఫర్వాలేదు, బాగానే ఉంది" అనాలి. ఆ మాట మీద వీడియో ఎవరు చూస్తారు? అందుకని ఉన్న చిన్న తేడాను కొండంత చేయాలి. ఒకటి అద్భుతం, ఇంకొకటి చెత్త కావాలి. పొగడ్తకు ఎంత గిరాకీ ఉందో తిట్టుకూ అంతే ఉంది. ఏ కంపెనీ ఉప్పూ తిననివాడు కూడా ప్రేక్షకుడి ఉప్పు తింటున్నాడు.

చట్టాలూ నియమాలూ కొంతవరకు కాపలా కాస్తాయి. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి, 2021 జూన్ నుంచి, ప్రతిఫలం అందుకుని చేసిన పోస్టు మీద ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని నియమం పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉచిత వస్తువులు, ప్రయాణాలు, బహుమతులు కూడా ప్రతిఫలం కిందకే వస్తాయని, ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ భాషలోనే వెల్లడించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టిస్తే 2019 చట్టం ప్రకారం 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. మేలే. కానీ మింగేసిన రెండు మాటలను ఏ చట్టం పట్టుకుంటుంది?

అరచేతిలో ఇమడని శబ్దం

కొన్నేళ్ళ కిందట ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ మీద మనసుపడ్డాను. వీడియోలో ఆయన ఒక్క స్వరం మీటి వదిలితే అది తేనెతీగలా సాగింది. నెల జీతంలో మూడోవంతు పెట్టి తెప్పించుకున్నాను. పెట్టె విప్పి, నా యాంప్‌కు తగిలించి, అదే స్వరం మీటాను. రేకుడబ్బాలో కందిరీగ మూలిగినట్టు వచ్చింది. నాబ్‌లు తిప్పాను, తీగలు మార్చాను, బ్యాటరీ మార్చాను. పెడల్‌లో లోపం ఉందని అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. వాళ్ళు వెనక్కి తీసుకోం అన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్రలేదు.

లోపం పెడల్‌లో లేదని తెలియడానికి ఏడాది పట్టింది. ఒక మిత్రుడి స్టూడియోలో అదే పెడల్‌ను పెద్ద యాంప్‌కు తగిలించి, గది దద్దరిల్లేంత గట్టిగా పెడితే వీడియోలో విన్న తేనెతీగ వచ్చింది. వీడియో చేసినాయన వెనక మనిషెత్తు స్పీకర్ పెట్టె ఉంది, నేను చూశాను కూడా. చూసి వదిలేశాను, ఎందుకంటే ఆయన పెడల్ గురించే మాట్లాడుతున్నాడు. నా ఇంట్లో ఉన్నది ఎనిమిది అంగుళాల స్పీకర్.

వీడియోలో మనం వినేది గిటార్ ఒక్కటే అనుకుంటాం. ఎంతమంది చేతులు పడతాయో చూడండి. గిటార్ స్పీకర్ ముందు సాధారణంగా ఒక మైకు పెడతారు. 1965 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం57 అయితే చెప్పనక్కర్లేదు, ఏ స్టూడియోలో చూసినా అదే. దాన్ని స్పీకర్ మధ్యకు గురిపెడితే శబ్దం కత్తిలా ఉంటుంది. రెండంగుళాలు పక్కకు జరిపితే మెత్తబడుతుంది. ఆ రెండంగుళాల తేడా, ఐదువేల రూపాయల గిటార్‌కూ యాభైవేల గిటార్‌కూ ఉండే తేడా కన్నా చాలాసార్లు పెద్దది. తర్వాత ఆ శబ్దాన్ని ఎడిటింగ్‌లో సాపుచేస్తారు. సైట్ దాన్ని కుదించి పంపుతుంది. చివరికి మా మేనల్లుడి ఫోన్‌లోంచి వస్తుంది. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత లోతు శబ్దాన్ని పలికించలేదు. పై స్వరాల ఆనవాళ్ళు పట్టుకుని మెదడు ఆ లోతును తనే పూరించుకుంటుంది. "బాటమ్ ఎండ్ అదిరింది" అని మావాడు మెచ్చుకున్న మంద్రంలో సగం వాడి తలలోనే పుట్టింది.

కర్ర మీద కొట్లాట

ఈ లోకంలో అన్నిటికన్నా పాత తగవు కర్ర గురించి. గిటార్ ఒళ్ళు ఏ చెట్టుదన్నదాన్ని బట్టి నాదం మారుతుందా? ఒక పక్షం ప్రాణం పెట్టి అవునంటుంది, ఇంకోపక్షం అదంతా అమ్మకపు మాయ అంటుంది.

మనకు ఈ తగవు ఇంకోరకంగా తెలుసు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళు పనస దుంగను ఎంచుకుంటారు. ఒకే దుంగలోంచి కుండ, దండి, తల అన్నీ తొలిచిన ఏకాండి వీణకు ఉన్న గౌరవం తెలిసిందే. అక్కడ కర్ర మాట నిజం. వీణలో తీగ కంపం గుర్రం మీదుగా కర్రలోకి దిగి, పలుచని పై పలకను కదిలించి, ఆ పలక గాలిని కదిలిస్తేనే మనకు వినపడుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో దారి వేరు. తీగ కింద అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్టిన పికప్ ఉంటుంది. ఇనుప తీగ ఊగితే అందులో విద్యుత్తు పుడుతుంది. యాంప్‌లోకి పోయేది ఆ విద్యుత్తు. కర్ర పాత్ర చాలావరకు తీగను బిగించి నిలబెట్టడం.

చాలావరకు అన్నాను. ఆ 'చాలావరకు' ఎంతన్నది తేల్చడానికి నాష్‌విల్‌లో గిటార్ వాయించుకునే జిమ్ లిల్ 2021లో ఒక పని చేశాడు. ఖరీదైన గిటార్ ఒకటి, చౌక గిటార్ ఒకటి పెట్టుకుని, ఒక్కొక్క భాగమే మారుస్తూ పోయాడు. ప్రతిసారీ రికార్డు చేశాడు. కొలతలు చూపించాడు. చివరికి గిటార్‌నే తీసేశాడు. రెండు బల్లల మధ్య గాలిలో తీగలు లాగి కట్టి, వాటి కింద అదే పికప్‌ను అదే దూరంలో, అదే ఎత్తులో పెట్టి వాయించాడు. ఖరీదైన గిటార్‌కు దాదాపు అచ్చుగుద్దినట్టు పలికింది. తీగ పొడవులో పికప్ ఎక్కడుంది, తీగకు ఎంత దగ్గరలో ఉంది అన్నవే అసలు తేడా తెస్తున్నాయని ఆ వీడియో చూస్తే అర్థమవుతుంది.

నేను ఆయన్ను నమ్మడానికి కారణం ఆయన నా పక్షం కావడం కాదు. అప్పటిదాకా నాకూ కర్ర మీద గురి ఉండేది. ఆయన ఏం చేశాడో అంగుళంతో సహా చూపించాడు. నేను తప్పనుకుంటే రెండు బల్లలు తెచ్చుకుని తీగలు కట్టుకోవచ్చు. తన మాట తప్పయితే ఎదుటివాడు పట్టుకోగలిగేలా మాట్లాడే సమీక్షకులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

చిత్రం ఏమంటే, కర్ర మాట నిజం కావాల్సిన మామూలు అకూస్టిక్ గిటార్‌లో కూడా మన నమ్మకాలు పూర్తిగా నిలబడలేదు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు గిటార్లు చేయించారు. వెనక పలకా పక్క పలకలూ తప్ప అన్నీ ఒకేలా. ఒకదానికి అపురూపమైన బ్రెజిల్ రోజ్‌వుడ్, ఒకదానికి మన జిట్రేగి, మిగతావాటికి మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది వాయిద్యకారులకు మసక వెలుతురులో వెల్డింగ్ కళ్ళజోళ్ళు పెట్టి వాయించమన్నారు. ఆరింటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ బృందంలోని క్లాడియా ఫ్రిట్జ్ అంతకుముందు 2010లో ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారుల కళ్ళు కప్పి స్ట్రాడివేరియస్‌లనూ కొత్త వయొలిన్లనూ వాయింపజేసింది. ఏది పాతదో చాలామంది పోల్చుకోలేదు సరికదా, ఎక్కువమందికి కొత్తదే నచ్చింది.

తువ్వాలు కట్టిన కళ్ళు

ఆదివారం మధ్యాహ్నం మావాణ్ణి కూర్చోబెట్టాను. నా దగ్గర రెండు ఓవర్‌డ్రైవ్‌లున్నాయి. ఒకటి ఆ కందిరీగ పెడల్, రెండోది 2,500 పెట్టి కొన్న చైనా పెడల్. వాడి మొహం గోడవైపు తిప్పి, కళ్ళకు తువ్వాలు కట్టాను. నేను వాయిస్తాను, ఏది బాగుందో చెప్పాలి.

మొదటి పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒకదాన్నే మెచ్చుకున్నాడు. "ఇది పెద్ద పెడల్ మామయ్యా, తెలిసిపోతోంది." వాడు మెచ్చుకున్నది చైనాది. దాని వాల్యూమ్ నేను కావాలనే ఒక చెంచా ఎక్కువ పెట్టాను. కాస్త గట్టిగా వినపడే శబ్దం చెవికి నిండుగా, మెరుగ్గా తోస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ మంద్రమూ తారమూ చెవికి బాగా అందుతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. రెండు వస్తువులను పోల్చే వీడియోలో శబ్దం సమానం చేశామని చెప్పకపోతే నేను అక్కడితో ఆపేస్తాను.

తర్వాత ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని రెండూ సమానం చేసి, ఏది పెద్ద పెడలో చెప్పమన్నాను. ఈసారి కూడా వాడు తడుముకోకుండా చెప్పేస్తున్నాడు. ఏడుసార్లు సరిగ్గా చెప్పాక అనుమానం వచ్చి ఆపాను.

"ఎలా కనుక్కుంటున్నావురా?"

"స్విచ్ నొక్కిన చప్పుడు ఎడమవైపు వస్తే పెద్దది, కుడివైపు వస్తే చిన్నది."

చెవులు మంచివే. ప్రతిసారీ రెండు స్విచ్‌లూ నొక్కి కలగాపులగం చేసి మళ్ళీ మొదలుపెట్టాను. పదిలో ఆరు. తువ్వాలు విప్పాక వాడి మొహంలో కోపం కనిపించింది. ఎవరి మీదో నేను అడగలేదు.

అక్కడితో అయిపోతే తేడాలన్నీ భ్రమేనని చెప్పి లేచేవాణ్ణి. కానీ గిటార్ వాడి చేతికిచ్చి కళ్ళు మూసుకునే వాయించమన్నాను. ఈసారి వాడు ఆగి ఆగి వాయించాడు. గిటార్ మీద వాల్యూమ్ నాబ్ తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. "ఇందులో మెల్లగా మీటితే శుభ్రంగా వస్తోంది, గట్టిగా మీటితే గరుకు. అందులో ఎలా మీటినా ఒకేలా ఉంది" అన్నాడు. అది నిజమైన తేడా. వినేవాడికి అందలేదు, వాయించేవాడి వేళ్ళకు అందింది. ఏ వీడియో అయినా మనల్ని వినేవాళ్ళ కుర్చీలోనే కూర్చోబెడుతుంది. మెడ లావు మన అరచేతికి సరిపోతుందా, గంటసేపు భుజాన మోస్తే నొప్పెడుతుందా అన్నవి చూసి తెలుసుకునే సంగతులు కావు.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గుర్తొచ్చారు. మాండొలిన్‌కు జంటజంటగా ఎనిమిది తీగలుంటాయి, స్వరం ఇట్టే ఆరిపోతుంది. దానిమీద గమకం పలకదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదో తీగ చేర్చుకున్నారు. ఆయన ముందు తేల్చుకున్నది తనకేం వాయించాలన్నది. వాయిద్యం ఆ తర్వాత వచ్చింది.

"నువ్వేం వాయిస్తావురా?" అని అడిగాను. ఇళయరాజా పాటలు, కాస్త బ్లూస్ అన్నాడు. వాడి గడ్డం ఆసామి వీడియో మళ్ళీ పెట్టించి ఇద్దరం కూర్చుని చూశాం. ఆయన మెటల్ వాయిస్తాడు. తీగలు బాగా వదులుచేసి, డిస్టార్షన్ నిండా పెట్టి గర్జించేలా మోగించడం ఆయన దారి. మావాడు వదులుకున్న గిటార్‌ను అరగంట ఎందుకు తిట్టాడో జాగ్రత్తగా వింటే, పికప్‌లు సన్నగా ఉన్నాయి, గర్జన రావట్లేదు, స్వరాలు విడివిడిగా వినపడిపోతున్నాయి అన్నాడు. మావాడు వీడియో ఆపి నావైపు చూశాడు. ఇళయరాజా పాటలో కార్డు విరిచి ఒక్కొక్క తీగా మీటేవాడికి కావాల్సిందే ఆ విడివిడిగా వినపడటం.

అలాగని ఆ గడ్డం ఆసామిని వదిలేయమనలేదు. శుక్రవారం సినిమా రివ్యూలు రాసేవాళ్ళలో ఒకాయన ఉన్నాడు. ఆయన తిట్టిన కుటుంబ కథ మా ఇంట్లో అందరికీ నచ్చుతుంది, ఇరవయ్యేళ్ళుగా ఇదే. ఆయన రివ్యూ నేను ఒక్కటీ వదలను. తక్కువ తూచే తక్కెడైనా, ఎప్పుడూ అంతే తక్కువ తూస్తే సరుకు లెక్క తెలిసిపోతుంది. గడ్డం ఆసామి అలాంటివాడే. అభిరుచి గట్టిది, ఏళ్ళుగా మారలేదు, నచ్చనిది ఎందుకు నచ్చలేదో విడమర్చి చెబుతాడు. తీర్పును పక్కనపెట్టి కారణాలు వింటే ఆయన దగ్గర చాలా ఉంది. కారణం చెప్పకుండా కేకలేసేవాణ్ణీ, నిరుడు ఆకాశానికెత్తిన గిటార్ ఊసు ఈ ఏడాది ఎత్తనివాణ్ణీ నేను చూడటం మానేశాను.

తర్వాతి శనివారం తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాం. మూడు దుకాణాలు తిరిగాక మూడోదాంట్లో ఆ తిట్లు తిన్న గిటార్ గోడకు వేలాడుతూ కనిపించింది. దుకాణం కుర్రాడు నిచ్చెన వేసుకుని దించి, దుమ్ము తుడిచి చేతికిచ్చాడు. మావాడు స్టూలు మీద కూర్చుని మెడ చుట్టూ వేళ్ళు బిగించి చూశాడు, సడలించాడు, మళ్ళీ బిగించాడు. కుర్రాడు కేబుల్ పట్టుకుని యాంప్ దగ్గర నిలబడ్డాడు.

"ప్లగ్ చెయ్యమంటారా అన్నా?"

"ఒక్క నిమిషం."

తల వంచి, గిటార్ పైకొమ్ముకు చెవి ఆనించాడు. చిటికెన వేలితో లావు తీగను మీటాడు. అది ఆరిపోయేదాకా అలాగే ఉన్నాడు. మళ్ళీ మీటాడు.